మోటారు టైమరు నెలకి అరగంట వెనకపడుతోంది, గోడ గడియారమూ అదే దారి. ఎండలకేనా?

భవానీపురం_మోటారు | మే 7, ఉదయం 7:50
అందరికీ నమస్కారం. మాది భవానీపురంలో పద్దెనిమిది ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. సెక్రటరీ పదవి నా నెత్తిన పడి ఏడాదైంది. సంపులోంచి పైట్యాంకుకి నీళ్లెక్కించే మోటారుకి మార్చి మొదట్లో టైమరు పెట్టించాం. పొద్దున 5:30కి ఆన్, 6:15కి ఆఫ్. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడది 6:25కి లేస్తోంది. ఆలోపు పై అంతస్తు వాళ్లు నీళ్లు రావట్లేదని వాచ్‌మన్‌ని లేపి చేత్తో మోటారు వేయిస్తున్నారు. ట్యాంకు నిండాక టైమరు గారు తీరిగ్గా నిద్రలేచి మళ్లీ వేస్తున్నారు. నిన్న మెట్ల మీంచి కృష్ణమ్మ దిగొచ్చింది. రెండో అంతస్తు పెద్దాయన జారి పడబోయారు, తిట్లు నాకు.

ఇంకో విచిత్రం. మా హాల్లో గోడ గడియారం కూడా గత నెల రోజుల్లో ముప్పావు నిమిషం వెనకపడింది. సెల్లు కొత్తదే. టైమరు పెట్టిన ఎలక్ట్రీషియన్ని అడిగితే "ఎండలండీ, అన్నీ స్లో అయిపోతాయి" అన్నాడు. నిజంగా ఎండకి గడియారాలు నెమ్మదిస్తాయా, లేక నన్ను నెమ్మదిగా వదిలించుకున్నాడా?

సత్యనారాయణపురం_అత్తయ్య | మే 7, ఉదయం 8:05
ఫ్లోట్ స్విచ్ పెట్టించు నాయనా. ట్యాంకు నిండితే అదే ఆగుతుంది. దానికి టైముతో పనిలేదు.

భవానీపురం_మోటారు | మే 7, ఉదయం 8:11
పెట్టించాం అత్తయ్యగారూ. దాని మీద పావురం గూడు పెట్టింది. గుడ్లు పొదిగేదాకా తియ్యొద్దని మూడో అంతస్తు పిల్లలు ధర్నా.

ఆటోనగర్_వైండింగ్ | మే 7, ఉదయం 9:30
బాబాయ్, టైమరు ఎలాంటిది? గుండ్రటి చక్రం, చుట్టూ చిన్న చిన్న పళ్లు నొక్కేదా? అంకెలు కనపడేదా?

భవానీపురం_మోటారు | మే 7, ఉదయం 9:34
చక్రందే. చౌకగా వచ్చిందని తీసుకున్నాం.

ఆటోనగర్_వైండింగ్ | మే 7, మధ్యాహ్నం 1:15
అయితే ఎండ గోల కాదు, కరెంటు గోల. లెక్కపెట్టుకో, దాని చుట్టూ 96 పళ్లుంటాయి. ఒక్కోటి పావుగంట, మొత్తం ఇరవై నాలుగు గంటలు. ఆ చక్రాన్ని తిప్పేది లోపలున్న బుల్లి సింక్రనస్ మోటారు. దానికి సొంత బుర్ర లేదు. కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపుని లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. కరెంటు పోతే అక్కడే ఆగిపోతుంది. అరగంట తర్వాత వస్తే ఆగిన చోటి నుంచే మొదలు. పోయిన అరగంట దాని జీవితంలో లేనట్టే. సెల్లు బ్యాకప్ ఉన్నవి వేరే వస్తాయి, నీది ఆ రకం కాదు.

మార్చి నుంచి మీ ఏరియాలో కరెంటు ఎంతసేపు పోయిందో కలుపు. నీ టైమరు అంతే వెనకుంటుంది.

బీటెక్_బ్యాక్‌లాగ్ | మే 7, మధ్యాహ్నం 2:02
అంటే అది టైమరు కాదు, కరెంటు కోతల మీటరు.

పటమట_చాదస్తం | మే 7, మధ్యాహ్నం 2:40
"పళ్లు" అనకండి, పిన్నులు అంటారు.

ఆటోనగర్_వైండింగ్ | మే 7, మధ్యాహ్నం 2:44
మా షాపులో పళ్లే అంటాం. మీ షాపులో మీరు పిన్నులు అనుకోండి.

తెనాలి_టు_జర్మనీ | మే 7, రాత్రి 11:20
ఇది చదువుతుంటే 2018 గుర్తొచ్చింది. ఆ ఫిబ్రవరిలో మా వంటింట్లో ఓవెన్ గడియారం మెల్లమెల్లగా వెనక్కి జరిగింది. మా ఆవిడ రెండుసార్లు సరిచేసింది, నేను ఓవెన్ పాడైందనుకున్నా. తీరా మార్చిలో పేపర్లో వచ్చింది. పాతిక దేశాల్లో ఓవెన్లూ, అలారం రేడియోలూ అన్నీ దాదాపు ఆరు నిమిషాలు లేటట. కారణం సెర్బియా, కొసోవో తగాదా. కొసోవో తయారుచేసుకున్న దానికన్నా ఎక్కువ కరెంటు వాడింది. ఆ లోటు పూడ్చాల్సిన సెర్బియా పూడ్చలేదు. గ్రిడ్, అంటే ఈ దేశాల కరెంటు లైన్లన్నీ కలిపిన వల, అంతా ఒకే తాడుకి కట్టిన ఎడ్లలాంటిది కదా, పోర్చుగల్ దాకా అందరి ఫ్రీక్వెన్సీ, అదే సెకనుకి కరెంటు ఊగే లెక్క, సగటున 50 నుంచి 49.996కి దిగింది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ రోజుకి ఏడు సెకన్లు చొప్పున జనవరి మధ్య నుంచి కూడితే ఆరు నిమిషాలు. ఎక్కడో ఇద్దరు కొట్టుకుంటే నాకు ఆఫీసుకి ట్రామ్ తప్పింది.

తర్వాత అన్ని దేశాలూ కలిసి కొన్ని వారాలు ఫ్రీక్వెన్సీ కాస్త పెంచి ఆ ఆరు నిమిషాలూ తిరిగి ఇచ్చేశాయి. అప్పు తీర్చినట్టు. తెలియక చేత్తో ముందే సరిచేసుకున్న వాళ్ల ఓవెన్లు మాత్రం ఆరు నిమిషాలు ముందుకెళ్లాయి.

ఇబ్రహీంపట్నం_షిఫ్టు | మే 8, ఉదయం 6:10
నైటు డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. ఫ్రీక్వెన్సీ అనేది విద్యుత్ కేంద్రంలో పనిచేసే మాకు నాడి లాంటిది. ఇక్కడ టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకి 50. ఊళ్లో లోడు పెరిగితే దేశంలో ఉన్న టర్బైన్లన్నీ ఒక్కసారి కాస్త బరువెక్కుతాయి. మన దగ్గర 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలని నిబంధన. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైను కలిపేదాకా దక్షిణాది గ్రిడ్ వేరు, మిగతా దేశం వేరు. అంతకుముందు మన ఫ్రీక్వెన్సీ ఘోరంగా పడే రోజులుండేవి. అప్పట్లో కరెంటు గడియారం పెట్టుకున్నవాడి పరిస్థితి దేవుడికే తెలియాలి. ఒక్క హెర్ట్జ్, అంటే సెకనుకి ఒక్క ఊపు, తగ్గి రోజంతా అలాగే ఉంటే గడియారం ఇరవై తొమ్మిది నిమిషాలు వెనక.

2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు లైట్లాపి దీపాలు పెట్టమన్నారు. మీరంతా మేడ మీద దీపాలు, మేం కంట్రోల్ రూములో గుండెలు. దేశం మొత్తం మీద 31 వేల మెగావాట్లకు పైగా లోడు ఒక్కసారిగా జారింది. ఫ్రీక్వెన్సీ 49.7 దాకా దిగి, 50.26 దాకా ఎగిరి, మళ్లీ కుదురుకుంది. జలవిద్యుత్ యూనిట్లని ముందే సిద్ధం చేసుకున్నారు కాబట్టి గట్టెక్కాం.

మీ టైమరు విషయంలో ఆటోనగర్ అన్నయ్య చెప్పిందే కరెక్టు. గ్రిడ్ వల్ల సెకన్లు పోతాయి, కోతల వల్ల గంటలు పోతాయి.

అరండల్‌పేట_రేడియో | మే 8, ఉదయం 10:00
మాదానికి రివర్సు రోగం. మంచం పక్కన ఎర్రంకెల గడియారం, కరెంటుది. కోతలున్న రోజు అది ముందుకెళ్తుంది. ఇన్వర్టరు మీదే ఉంటుంది కాబట్టి ఆగదు. మరి ముందుకెందుకు?

ఆటోనగర్_వైండింగ్ | మే 8, ఉదయం 10:25
ఇన్వర్టరే దొంగ. దాని 50 గ్రిడ్ 50 కాదు. లోపల చౌక సర్క్యూటు తనకి తోచినంత ఊపుతుంది. 50.5 ఇస్తే నీ గడియారం గంటకి 36 సెకన్లు ముందుకెళ్తుంది. ఫ్యాను గుర్రుమంటుంటే కూడా అదే ఇన్వర్టరు, కరెంటుని నున్నగా కాక మెట్లుమెట్లుగా ఊపే పాత చదరపు వేవు రకం అయ్యుంటుంది.

అరండల్‌పేట_రేడియో | మే 8, ఉదయం 10:27
గుర్రుమంటుంది. ఇన్నాళ్లూ మా ఆవిడ నన్నంటోంది.

బ్రాడీపేట_ఫిజిక్స్ | మే 8, సాయంత్రం 5:45
టైమరు సంగతి తేలింది. కానీ గోడ గడియారం గురించి ఎవరూ మాట్లాడలేదు. దానికి కరెంటుతో సంబంధం లేదు, ఒక్క సెల్లుతో నడుస్తుంది. అందులో వడ్లగింజంత క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. రెండు కొమ్ముల శ్రుతిదండం ఆకారం. అది సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్య ఎందుకో పిల్లలకి ఇష్టంగా చెబుతుంటాను. 1ని 2తో వరసగా గుణిస్తూ పోతే పదిహేనోసారికి వచ్చేది ఇదే. అంటే సర్క్యూటు దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకి ఒక్క టిక్కు మిగులుతుంది. మన చెవి 20 వేల దాకానే వింటుంది కాబట్టి ఆ పాట మనకి వినపడదు.

ఈ కంపనం మీద వేడి ప్రభావం ఉంటుంది. ఎటువైపు, ఎంత అన్నది చెప్పను. ఎవరైనా ప్రయోగం చేసి చూస్తే బాగుంటుంది. ఊహలు ముందు రాయండి.

గవర్నర్‌పేట_వాచ్‌రిపేరు | మే 8, రాత్రి 9:10
నలభై ఏళ్లుగా ఇదే పని మాస్టారూ. ఎండాకాలం స్లో, చలికాలం ఫాస్టు. మా నాన్నగారి కాలం నుంచీ ఇదే మాట. గోడ గడియారం ఆగిందని తెచ్చేవాళ్లలో ఎక్కువమందికి సెల్లు మారిస్తే చాలు. సెకన్ల ముల్లు 9 అంకె దగ్గర కొట్టుకుంటూ ఆగిందా, సెల్లు అయిపోయినట్టే. అక్కడ ముల్లు అడ్డంగా ఉండి పైకి లేవాలి, బరువంతా అక్కడే. నేను దుకాణంలో దూరం నుంచి చూసే చెప్పేస్తా.

పందెమంటే చల్లగా ఉంటే ఫాస్టు. పునుగులు, ప్లేటు.

బీటెక్_బ్యాక్‌లాగ్ | మే 8, రాత్రి 9:30
పందెం నేను తీసుకుంటా. నాకు సమాధానం తెలీదు, పునుగులు ఇష్టం. సెలవులే కదా, ప్రయోగం నేను చేస్తా. బీసెంట్ రోడ్డులో ఒకే రకం గడియారాలు మూడు కొంటాను. ఒకటి మేడ మీద రేకుల గదిలో, ఒకటి ఏసీ గదిలో, ఒకటి ఫ్రిజ్‌లో.

బ్రాడీపేట_ఫిజిక్స్ | మే 8, రాత్రి 9:52
ఆగు నాయనా. మూడూ ఒకే కంపెనీవైనా పుట్టుకతోనే ఒక్కోటి ఒక్కో తీరు. రోజుకి అర సెకను అటూ ఇటూ మామూలు. ముందు పదిరోజులు మూడింటినీ పక్కపక్కన పెట్టి ఎవరి నడక ఎంతో రాసుకో. తర్వాత విడదియ్యి. ఆ పుట్టు తేడా తీసేస్తేనే వేడి తేడా కనిపిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని గాలి దూరని డబ్బాలో బియ్యం మూటతో పెట్టు, లేకపోతే చెమ్మ దిగుతుంది.

సత్యనారాయణపురం_అత్తయ్య | మే 8, రాత్రి 10:05
మీ అమ్మని అడిగావా?

బీటెక్_బ్యాక్‌లాగ్ | మే 8, రాత్రి 10:06
ఇంకా లేదు అత్తయ్యా.

పటమట_చాదస్తం | మే 9, ఉదయం 7:00
దేంతో పోల్చి చూస్తావు? ఫోను టైము కూడా నమ్మకం కాదు.

అరండల్‌పేట_రేడియో | మే 9, ఉదయం 7:40
ఆకాశవాణి ఉంది కదా. వార్తల ముందు పీప్ పీప్ వస్తుంది. మా నాన్న 1948లో బెజవాడ స్టేషన్ పెట్టినప్పటి సంగతులు చెప్పేవారు, ఆ పీప్‌కే ఊరంతా వాచీలు తిప్పుకునేవారట. అయితే రేడియో పెట్టెలోనే వినాలి. యాప్‌లో వింటే ముప్ఫై సెకన్లు లేటు. ఓసారి పెట్టె, యాప్ రెండూ ఒకేసారి పెట్టి చూడండి, ఒకే మనిషి ఇద్దరై మాట్లాడతాడు.

కృష్ణలంక_సిక్సర్ | మే 9, ఉదయం 8:15
ఆ లేటు గురించి నన్నడగండి. మా గోడ అవతల వాళ్లకి డిష్షు, మాకు ఫోన్లో స్ట్రీమింగు. మ్యాచ్ చివరి ఓవర్లో వాళ్లు "ఓఓఓ" అనేసరికి మా బౌలర్ ఇంకా రన్నప్ మొదలుపెట్టలేదు. సస్పెన్సు చచ్చిపోయింది. ఇప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని చూస్తున్నా. డిష్షుకే ఎక్కువ లేటు ఉండాలి కదా, ఆకాశంలోకి వెళ్లి వస్తుంది?

బ్రాడీపేట_ఫిజిక్స్ | మే 9, ఉదయం 8:40
ఉపగ్రహం భూమధ్యరేఖ పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. పోనూ రానూ 72 వేలు. వెలుగు వేగానికి అది పావు సెకను. మిగతా ఆలస్యమంతా బొమ్మని కుదించి, ముక్కలు చేసి, కొన్ని ముక్కలు ముందుగా దాచుకుని చూపించడంలో. స్ట్రీమింగులో ఆ దాచుకోవడం ఎక్కువ. నెట్టు తడబడినా బొమ్మ ఆగకూడదని.

వేదిక_నిర్వహణ | మే 9, ఉదయం 9:00
క్రికెట్ వేరే దారంలో మాట్లాడుకోండి.

కృష్ణలంక_సిక్సర్ | మే 9, ఉదయం 9:01
ఇది క్రికెట్ కాదండీ, సైన్సు.

బీటెక్_బ్యాక్‌లాగ్ | మే 10, సాయంత్రం 6:20
గడియారాలు వచ్చాయి. కొలిచే పద్ధతి ఇది. ఢిల్లీలో మన దేశపు సమయాన్ని అణుగడియారాలతో నిలిపేది ఎన్‌పీఎల్. ల్యాప్‌టాప్ టైముని వాళ్ల సర్వరుతో కలిపి, తెరమీద సెకన్లు పరుగెడుతుంటే పక్కన గోడ గడియారం పట్టుకుని స్లో మోషన్ వీడియో తీస్తా. సెకనుకి 240 ఫ్రేములు. ముల్లు దూకిన ఫ్రేము దొరికితే చాలు. తెర చూపే ఆలస్యం రోజూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది.

అమ్మ ఒప్పుకుంది. షరతు, దోసెపిండి గిన్నె జరపకూడదు.

గవర్నర్‌పేట_వాచ్‌రిపేరు | మే 10, రాత్రి 8:30
ఇంత హంగామా ఎందుకు తమ్ముడూ, ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున చూడు.

సత్యనారాయణపురం_అత్తయ్య | మే 26, ఉదయం 11:30
గడియారాల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. మొన్న గుంటూరులో మా తోటికోడలి కూతురి పెళ్లి. సుముహూర్తం రాత్రి 8 గంటల 47 నిమిషాలకి. పురోహితుడి చేతివాచీలో 8:47 అయింది. పెళ్లికొడుకు మేనమామ ఫోన్లో 8:45. ఫంక్షన్ హాలు గోడమీద 8:52. వీడియో అతను నా కెమెరాలో ఇంకా టైముంది, లైటు సరిచేస్తా అంటాడు. జీలకర్ర బెల్లం చేతుల్లో పట్టుకుని పిల్లలిద్దరూ తెర కింద నుంచి ఒకళ్ల కాళ్లు ఒకళ్లు చూసుకుంటూ కూచున్నారు. చివరికి మా మామగారు, తొంభై దగ్గరపడిన మనిషి, "పెట్టండర్రా, ముహూర్తం అంటే పుష్కరాంశ చుట్టూ కాస్త జాగా ఉంటుంది" అన్నారు. పెట్టేశారు.

ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. పూర్వం అడుగున చిల్లున్న రాగిగిన్నె నీళ్లలో వదిలితే, అది మునిగేసరికి ఘడియ. ఆ కాలంలో ఈ గొడవే లేదు, ఊరికొక్కటే గిన్నె.

పటమట_చాదస్తం | మే 26, మధ్యాహ్నం 12:10
రాహుకాలం కూడా అందరూ తప్పే చూస్తారు. సోమవారం 7:30 నుంచి 9 అని క్యాలెండర్లో ఉన్నది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి కుంకితే. అసలు లెక్క పగటిని ఎనిమిది భాగాలు చెయ్యడం. మే నెలలో బెజవాడలో అయిదున్నరకే తెల్లారితే భాగాలన్నీ జరుగుతాయి.

కృష్ణలంక_సిక్సర్ | మే 26, మధ్యాహ్నం 12:30
అంటే నేను ఇన్నేళ్లూ తప్పు టైములో బైటికెళ్లి కూడా బతికే ఉన్నానా?

భవానీపురం_మోటారు | మే 28, ఉదయం 7:15
అప్‌డేట్. ఆటోనగర్ తమ్ముడు చెప్పినట్టు 8వ తేదీన టైమరు చక్రం సరిచేసి, కరెంటు పోయిన ప్రతిసారీ ఇన్వర్టరు కూసినప్పటి నుంచి ఆగేదాకా రాసుకున్నా. ఇరవై రోజులకి మొత్తం 26 నిమిషాలు. ఇవాళ టైమరు చూస్తే పాతిక నిమిషాలు, కాస్త అటూ ఇటూ, వెనక. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి చెప్పా. "అదేనండీ, ఎండలకి కరెంటు పోతుంది కదా" అన్నాడు. వాడి మాటా నిలబెట్టుకున్నాడు.

బీటెక్_బ్యాక్‌లాగ్ | జూన్ 11, రాత్రి 10:40
ఫలితాలు. మొదటి పదిరోజుల పుట్టు తేడాలు అన్నిట్లోంచీ తీసేశాక ఇవి.

ఏసీ గదిలోది, 25 నుంచి 27 డిగ్రీలు, ఇరవై రోజుల్లో తేడా అర సెకను లోపే. రేకుల గదిలోది ఇరవై రోజుల్లో 10 సెకన్లు వెనక. అక్కడ మధ్యాహ్నం 43 దాకా చూశా, తెల్లవారుజామున 30. ఇక ఫ్రిజ్‌లోది, అయిదు డిగ్రీల్లో, పద్దెనిమిది రోజుల్లో 21 సెకన్లు. ముందుకి కాదు. వెనక్కి!

పద్దెనిమిదే ఎందుకంటే నూజివీడు నుంచి చిన్నరసాలు రెండు బుట్టలొచ్చాయి. నేను లేనప్పుడు అమ్మ గడియారాన్ని బైట పడేసి పళ్లు సర్దింది. రెండురోజుల తర్వాత చూసుకున్నా. ఆ రెండురోజులూ లెక్కలోంచి తీసేశా. అమ్మ మాట, "ఫ్రిజ్ తలుపు తీస్తే టిక్కు టిక్కు, బాంబు స్క్వాడ్‌ని పిలవాలనిపించింది."

వాచ్‌రిపేరు బాబాయ్, వేడికి స్లో మీరు నెగ్గారు. చల్లకి ఫాస్టు ఓడారు. పునుగులు ఎవరు కొనాలి?

గవర్నర్‌పేట_వాచ్‌రిపేరు | జూన్ 11, రాత్రి 10:55
చల్లకి సెల్లు నీరసించి ఉంటుంది. ఒప్పుకోను.

బ్రాడీపేట_ఫిజిక్స్ | జూన్ 12, ఉదయం 6:00
రాత్రే చూశాను, నిద్ర పట్టలేదు సంతోషంతో. సెల్లు నీరసిస్తే ముల్లు దూకడం మానేస్తుంది గానీ, స్ఫటికం పాట అంతగా మారదు.

ఈ రకం స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా పాడేలా కోస్తారు. అక్కడి నుంచి ఎటు జరిగినా, వేడెక్కినా చల్లబడినా, నెమ్మదిస్తుంది. తేడా డిగ్రీల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక్కో డిగ్రీ వర్గానికి పదిలక్షల్లో 0.034 వంతు. ఫ్రిజ్ అయిదు డిగ్రీలు అంటే 25కి ఇరవై దూరం. ఇరవై వర్గం 400. 400ని 0.034తో గుణిస్తే 13.6. పదిలక్షల సెకన్లకి 13.6 సెకన్లు, అంటే రోజుకి 1.17. పద్దెనిమిది రోజులకి 21. నువ్వు కొలిచింది 21! నేనింత దగ్గరగా వస్తుందనుకోలేదు, కొంత అదృష్టం కూడా. 45 డిగ్రీల్లో రోజంతా ఉంచినా సరిగ్గా ఇంతే నష్టం వచ్చేది. రేకుల గది రాత్రి చల్లబడుతుంది కాబట్టి సగమే పోయింది.

చేతి వాచీ ఎందుకు నమ్మకంగా ఉంటుందో కూడా ఇందులోనే ఉంది. మన ఒళ్లే దాన్ని ముప్ఫై చుట్టుపక్కల ఉంచుతుంది. రాత్రి తీసి ఏసీ గది బల్లమీద పెట్టినా 25కి దగ్గరే. భవానీపురం సెక్రటరీ గారి గోడ గడియారం నెలకి ముప్పావు నిమిషంలో పదిహేను సెకన్లు ఎండ ఖాతాలో వేసుకోవచ్చు, మిగతాది దాని పుట్టుక.

గవర్నర్‌పేట_వాచ్‌రిపేరు | జూన్ 12, ఉదయం 9:20
మాస్టారు చెప్పాక ఇంకేముంది. మా నాన్నగారి మాట లోలకం గడియారాల గురించి అయ్యుంటుంది, ఆయన చేసింది అవే. రమ్మను కుర్రాణ్ణి, పునుగులు నావే.

మంగళగిరి_మనవడు | జూన్ 12, ఉదయం 10:05
లోలకం అంటే గుర్తొచ్చింది. మా తాతయ్య ఏటా ఉగాది వెళ్లాక గంటల గడియారం తలుపు తీసి లోలకం కింద ఉన్న మరని కొంచెం బిగించేవారు. దసరా దాటాక మళ్లీ వదులు చేసేవారు. ఎందుకని అడిగితే "దానికి ఎండకి ఒళ్లు సాగుద్దిరా" అనేవారు. హాస్యానికి అనుకున్నాను.

బ్రాడీపేట_ఫిజిక్స్ | జూన్ 12, ఉదయం 10:30
హాస్యం కాదు నాయనా, అక్షరాలా అంతే. ఉక్కు కడ్డీ సాగుతుంది, పొడుగు లోలకం నెమ్మదిగా ఊగుతుంది. డిగ్రీకి రోజుకి అర సెకను. చలికాలానికీ ఎండాకాలానికీ ఇరవై డిగ్రీల తేడా అంటే రోజుకి పది సెకన్లు, నెలకి అయిదు నిమిషాలు. మర బిగిస్తే గుండు పైకి లేచి పొడుగు తగ్గుతుంది. అది చల్లబడితే నిజంగానే ఫాస్టు. వాచ్‌రిపేరు గారి నాన్నగారు తప్పు చెప్పలేదు.

రైల్వే_రిటైర్డ్ | జూన్ 13, ఉదయం 8:00
ఇన్ని సెకన్లు లెక్కపెట్టారు, అసలు బెజవాడ టైమే మనది కాదని ఎవరూ అనలేదు. దేశానికంతా 82.5 డిగ్రీల రేఖాంశం టైము. స్కూల్లో కాకినాడ మీదుగా పోతుందని చెప్పారు, పటం తెరిస్తే తునికి దగ్గర. బెజవాడ 80.65. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన సూర్యుడు దేశపు గడియారం కన్నా ఏడున్నర నిమిషాలు లేటు. 1906 జనవరి 1న ఈ ఒకే టైము వచ్చేదాకా రైళ్లకి మద్రాసు టైము ఉండేది. గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. బెజవాడ అసలు టైము 5 గంటల 22న్నర. అంటే మా పాత స్టేషన్ గడియారమే ఊరి సూర్యుడికి దగ్గర.

పటమట_చాదస్తం | జూన్ 13, ఉదయం 8:30
సూర్యుడు కూడా నిలకడ మనిషి కాదు. ఎండగడియారంలో మిట్టమధ్యాహ్నం మన దగ్గర నవంబరు మొదట్లో 11:51కే అవుతుంది, ఫిబ్రవరిలో 12:22కి. భూమి కక్ష్య కోడిగుడ్డులా ఉండటం వల్లా, ఇరుసు వంగి ఉండటం వల్లా. అరగంట తేడా.

గవర్నర్‌పేట_వాచ్‌రిపేరు | జూన్ 13, ఉదయం 8:41
సెల్లు మార్చాలి.

తెనాలి_టు_జర్మనీ | జులై 9, రాత్రి 11:50
వార్త చూశారా? ఇవాళ భూమి మామూలు కన్నా ఓ మిల్లీసెకను పైచిలుకు తొందరగా తిరిగిందట. రికార్డు 2024 జులై 5ది, 1.66 మిల్లీసెకన్లు. ఇన్నాళ్లూ భూమి నెమ్మదిస్తోందని అప్పుడప్పుడు లీపు సెకను కలిపేవారు. చివరిది మనకి 2017 జనవరి 1 తెల్లవారుజామున 5:30కి ముందు వచ్చింది, 5:29:60 అని. ఇదే వేగమైతే ఎప్పుడో ఓ సెకను తీసెయ్యాల్సి రావొచ్చంటున్నారు. అసలీ లీపు సెకన్ల గోలే 2035 నాటికి ఆపేద్దామని 2022లో తూనికలు కొలతల అంతర్జాతీయ సదస్సు తీర్మానించింది. కంప్యూటర్లు 60వ సెకను చూసి బెంబేలెత్తుతున్నాయని.

ఇంకోటి. చంద్రుడికి ప్రత్యేకంగా ఒక టైము తయారుచెయ్యమని అమెరికా ప్రభుత్వం నాసాకి 2026 ఆఖరుదాకా గడువిచ్చింది. అక్కడ గురుత్వం తక్కువ కాబట్టి గడియారం రోజుకి 58.7 మైక్రోసెకన్లు ముందుకెళ్తుంది.

భవానీపురం_మోటారు | జులై 10, ఉదయం 6:30
అక్కడ అపార్ట్‌మెంటు సెక్రటరీ ఎవరో పాపం.

రైల్వే_రిటైర్డ్ | జులై 10, ఉదయం 7:10
మన దగ్గరా 2025 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. వ్యాపారం, రవాణా, సర్కారు పనులు అన్నిటికీ భారత ప్రామాణిక కాలమే వాడాలని. వస్తే మంచిదే. ఫంక్షన్ హాళ్లని కూడా కలపమని రాద్దామా అత్తయ్యగారి తరఫున?

బీటెక్_బ్యాక్‌లాగ్ | ఆగస్టు 6, మధ్యాహ్నం 12:40
మే 6న బెజవాడలో నీడ మాయమయ్యే రోజు మిస్సయ్యాను. సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ పడదు. మన అక్షాంశం 16.5 కాబట్టి ఏడాదికి రెండుసార్లు. రెండోది ఇవాళా రేపూ. చాదస్తం గారి లెక్క ప్రకారం మేలో అయితే 12:04కి, ఇప్పుడు 12:13కి. మేడ మీద మీటరు స్టీలు గొట్టం పెట్టి, మట్టం చూసి, అమ్మని, వాచ్‌మన్‌ని, పక్కింటి పిల్లల్ని పిలిచి నిలబడ్డా. 12:05కి నీడ ఉంది. 12:09కి మబ్బొచ్చింది. 12:21కి పోయింది. ఎండొచ్చాక నీడ అవతలి వైపుంది.

బ్రాడీపేట_ఫిజిక్స్ | ఆగస్టు 6, మధ్యాహ్నం 1:05
రేపు గుంటూరు రా. ఇక్కడ 16.3, రేపే మంచిరోజు. మా డాబా మీద గొట్టం సిద్ధం.

ఆటోనగర్_వైండింగ్ | ఆగస్టు 6, మధ్యాహ్నం 1:30
సెక్రటరీ బాబాయ్, కొత్త టైమరు ఎలా ఉంది?

భవానీపురం_మోటారు | ఆగస్టు 6, రాత్రి 8:20
బ్యాకప్ సెల్లున్న అంకెలది పెట్టించాం తమ్ముడూ. రెండు నెలల్లో మూడు సెకన్లు కూడా తప్పలేదు. సరిగ్గా 5:30కి మోటారు లేస్తోంది. కాకపోతే ఈ వారం సంపులో నీళ్లు ఉండట్లేదు, మోటారు ఉత్తగాలి తోడుతోంది. విచారిస్తే మా వీధి నీళ్ల వాల్వు తిప్పే మనిషి మారాడట. అయిదింటికి తిప్పాల్సింది ఆరింటికి తిప్పుతున్నాడు. పొద్దున కాపు కాసి పట్టుకుని టైమెంతయిందయ్యా అని అడిగా. ఆకాశం కేసి చూసి, "ఇప్పుడేగా తెల్లారింది" అన్నాడు.

పావురం పిల్లలు మాత్రం ఎగిరిపోయాయి.

సత్యనారాయణపురం_అత్తయ్య | ఆగస్టు 6, రాత్రి 8:24
అయితే ఫ్లోట్ స్విచ్ తుడిపించు.

భవానీపురం_మోటారు | ఆగస్టు 6, రాత్రి 8:26
ఇంకో జంట వచ్చింది అత్తయ్యగారూ.